రాతి కారుకు కళ్లు ఎటువైపు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా ఉలి మీద ఒట్టు. ఉలి ఇప్పుడు నా దగ్గర లేదు కనుక, ఇంట్లో మిగిలిన సుత్తి మీద ఒట్టు. ఆళ్లగడ్డలో నా మాట నమ్మనివాళ్లు కొందరున్నారని నాకూ తెలుసు. వాళ్లంతా నాతో కలిసి పనిచేసినవాళ్లే కాబట్టి వాళ్ల సాక్ష్యం చెల్లదు.

కరోనా వెళ్లిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో, ఆళ్లగడ్డలోని మా శిల్పశాలలో నన్ను ఒక కారు పనికి వేశారు. కారు బాగుచేయడం కాదు, చెక్కడం. అప్పటికి నా హోదా రెండో శిల్పి. ఈ హోదాల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. అందరికీ పైన స్థపతి. రాయిని ఎంచేదీ, కొలతలు నిర్ణయించేదీ, చివర విగ్రహానికి కళ్లు తెరిచేదీ ఆయనే. ఆయన కింద శిల్పులు. ముఖాలూ వేళ్లూ మా వంతు. మా కింద, బండను విగ్రహం ఆకారానికి దగ్గరగా తెచ్చే చెక్కుడు పనివాళ్లు. వాళ్ల కింద నున్నగా రుద్దేవాళ్లు. అన్నిటికంటే చివర, రేకుల షెడ్డు వెనకాల, పచ్చడి రోళ్లు చేసేచోటు. మా శాలలో వేరే శిక్షలంటూ లేవు. తప్పు చేసినవాణ్ణి రోళ్లకు పంపేవాళ్లు, అంతే.

మా స్థపతి పెద్దాచారి. మోకాళ్లు సహకరించక ఆ ఏడు తన ఉలిని ఎవరికో ఒకరికి అప్పగించాలని చూస్తున్నారు. పోటీలో ఉన్నది ఇద్దరం: నేనూ, ఆయన అల్లుడు మౌనేశూ. మౌనేశు గొప్ప పనివాడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు దసరాకు దాచుకుంటాడు. నేను అందుకు పూర్తిగా భిన్నమని వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి సమయంలో నంద్యాల నుంచి శేషారెడ్డి జీపులో వచ్చాడు. బోరు లారీలు తిప్పి సంపాదించి, హైవే పక్కన ఫంక్షన్ హాలు కట్టిస్తున్నాడు. ఫంక్షన్ హాలంటే వాకిట్లో రెండు రాతి ఏనుగులుండాలని రాయలసీమలో ఎవరూ రాయని శాసనం ఒకటుంది. వాటి తొండాల మీదనే మా శాల చాలా ఏళ్లు బతికింది. అలవాటుగా పెద్దాచారి ఏనుగుల ఎత్తు అడిగారు.

“ఏనుగులు అందరికీ ఉండాయప్పా,” అన్నాడు శేషారెడ్డి. “నాకు నా కారు గావాల, రాతిలో.”

బెంగళూరులో ఎవరో వాడి వదిలేస్తే ఆయన కొన్న విదేశీ కారు అది. రెండే సీట్లు. కంపెనీ పేరు చెప్పను. నేను పలికితే ఆ కంపెనీవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. సెల్‌ఫోనులో ఫొటోలు చూపించాడు. పెద్దాచారి కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశారు. నందికి, గరుత్మంతుడికి, నెమలికి శాస్త్రంలో కొలతలున్నాయి, చివరికి ఎలుకకు కూడా ఉన్నాయి, దీనికి మాత్రం లేవు అన్నారు. శాస్త్రంలో లేని పనిని శాస్త్రం తెలియనివాడికే ఇవ్వాలని ఆయనకు తోచినట్టుంది. నన్ను పిలిచారు.

“నీవు జెయ్ రా. బాగొస్తే నా ఉలి నీది. రెడ్డి వద్దంటే రోళ్లకాడికి పోతావ్.”

మౌనేశు నవ్వాడు. మాటలతో పనిలేని ఉపన్యాసం అది.

పద్ధతి ప్రకారం ముందు మట్టితో చిన్న నమూనా చేయాలి. చేశాను. ఫొటోల్లో కనబడని భాగాన్ని అనుభవంతో నింపాను. నా అనుభవంలో అంబాసిడర్‌కు, జీపుకు, ట్రాక్టరుకు ఇంజిను ముందరే. బస్సులో కూడా డ్రైవరు పక్కనే ఒక మూత కింద ఉంటుంది. సీటు దొరకనివాళ్లు దాని మీద కూర్చుని కాలుతూ ప్రయాణం చేస్తారు. కాబట్టి నా నమూనాకు నిండైన, పొడుగైన బానెట్ పెట్టాను. శేషారెడ్డి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఇదేందప్పా, ట్రాక్టరుకు టోపీ పెట్టినావు? ఇంజిను ముందర యాడుంది దీనికి? మద్దెలో ఉంటాది, సీట్ల యెనక.”

తల ఎప్పుడైనా ముందే కదా ఉండేది అని వాదించబోయాను.

“నీ తల ముందరే ఉంది గదా, ఏం పన్జేస్తాంది?” అన్నాడు.

ఆ తర్వాత అసలు కారు చూపించడానికి నన్ను నంద్యాలకు రప్పించి, అందులో కూర్చోబెట్టుకుని ఆళ్లగడ్డ దాకా తీసుకువచ్చాడు. పనిముట్లతో, కొలత టేపుతో మా శాల గూడ్స్ ఆటో నడిపే మస్తాన్‌వలీ వెనకాలే వచ్చాడు.

ఆ ప్రయాణం గురించి వృత్తిపరంగా కొంత చెప్పాలి. మొదటి సంగతి, అందులో ఎక్కడం ఉండదు, దిగడమే. చాప మీద కూర్చున్నంత కిందికి దిగి కాళ్లు చాపుకోవాలి. పక్కన పోయే మేకలు మనల్ని పైనుంచి చూస్తాయి. తాళం తిప్పగానే మెడ వెనక ఎవరో నల్లరాయి మీద గ్రైండరు పెట్టిన చప్పుడు. మామూలు కారులో ఇంజిను ముందుండి మనల్ని ఈడ్చుకుపోతుంది, ఎద్దు బండిని లాగినట్టు. ఇందులో అది వీపుకు ఆనుకుని కూర్చుని నడుము పట్టి తోస్తుంది.

మలుపు దగ్గర దాని అసలు విద్య తెలిసింది. విగ్రహం చెక్కేముందు మేము రాతి మీద నిలువునా ఎర్రదారం కొట్టి ఒక గీత గీస్తాం. దాన్ని బ్రహ్మసూత్రమంటారు. బొడ్డు మీదుగా పోయే ఆ గీత చుట్టూ బరువంతా సమంగా సర్దితేనే నాట్యం చేసే శివుడు ఒంటికాలి మీద నిలబడతాడు. ఈ కారు చేసినవాడెవడో గానీ ఇంజినును సరిగ్గా బొడ్డు దగ్గర పెట్టాడు. మామూలు కారు మలుపులో ముక్కు ముందు తిరుగుతుంది, తక్కిన ఒళ్లు తిరగాలా వద్దా అని పంచాయితీ పెడుతుంది. ఇది బొంగరంలా నడుము దగ్గరే తిరిగింది. మనం మలుపులోకి పోవడం కాదు, మలుపే వచ్చి మన చేతిలో కూర్చుంటుంది. ఎంత వేగమంటే, శిరివెళ్ల దగ్గర నేనడిగిన ప్రశ్నకు శేషారెడ్డి చెప్పిన జవాబు వెనకబడిపోయి, ఆళ్లగడ్డలో ఆగాక వచ్చి చేరింది.

ఒక్క స్పీడ్ బ్రేకరు దగ్గర మాత్రం ఆ మహావాహనం వినయం నేర్చుకునేది. పొట్ట తగలకుండా ఎండ్రకాయలా అడ్డంగా పాకుతూ దాటాలి. అంతలో మస్తాన్‌వలీ ఆటో వచ్చి వెనక ఆగేది. రోడ్డు మీది జనం తలా ఒక సలహా ఇచ్చేవాళ్లు. ఒకాయన తాడు కూడా తెచ్చాడు.

ఆ ఆగిన చోట్లలోనే దాని వెనక వైపు చదివాను. ఇక్కడ మాత్రం వెటకారం పక్కన పెడతాను. అంత మంచి పని నేను రాతిలోనే చూశాను. ఇంజిను మధ్యకు రావడంతో చక్రాల దగ్గర తుంట్లు వెడల్పయ్యాయి. పడుకున్న నంది పిరుదుల్లాగే పైన నిండుగా ఉబ్బి, నడుము దగ్గరికి వచ్చేసరికి లోపలికి నొక్కుకున్నాయి. డొక్కల్లో గాలి పీల్చడానికి రెండు పెద్ద బొరియలు. ఇంజిను మీద అద్దపు మూత, నగల కొట్టులో హారం పెట్టినట్టు. మూత చివర చేప మొప్పల్లా చీలికలు. రెండు గుండ్రటి ఎర్ర దీపాలు, వాటి నడుమ పొగగొట్టాలు, అడుగున దువ్వెన పళ్లలాంటి రేకులు. ఏ ఒక్కటీ సోకు కోసం లేదు. వేడి పోవడానికి ఒకటి, గాలి పోవడానికి ఒకటి. అయినా అన్నీ కలిసి సోకైపోయాయి.

రాయి ఎంపికలో కొంత చర్చ జరిగింది. మేము రాతిని సుత్తితో కొట్టి నాదం వింటాం. గంటలా మోగితే పురుష శిల, తాళంలా మోగితే స్త్రీ శిల, బద్ధకంగా పలికితే అది మెట్లకు పోతుంది. కారుకు ఏది? వాహనం కనుక నందికి వాడే రాయే వాడమన్నారు పెద్దాచారి. వానాకాలమంతా చెక్కాను. వెనక వైపు పూర్తయిన రోజు మౌనేశు వచ్చి చుట్టూ చూసి, “బాగుంది” అన్నాడు. తర్వాత ముందు వైపుకు వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ ఏమీ అనలేదు. ఆ ఏటి కోటా అయిపోయిందనుకున్నాను.

ఇక మిగిలింది కళ్లు తెరవడం. ప్రాణి రూపమైతే, ఫంక్షన్ హాలు ఏనుగైనా సరే, కళ్లు తెరవనిదే మా శాల గేటు దాటదు. కారు ప్రాణి కాదని కొందరన్నారు. వాహనమంటే ప్రాణే అని పెద్దాచారి తేల్చి, బంగారు సూది, తేనె, అద్దం తెప్పించారు.

“కండ్లు యాడరా దీనికి?” అని నన్నడిగారు.

వెనకాల అన్నాను. ప్రాణం ఇంజినులో ఉంది, ఇంజిను వెనక అద్దం కింద ఉంది, ప్రాణమున్నచోటే కళ్లుంటాయి కనుక ఎర్ర దీపాలే కళ్లు అని వివరించాను. ఆయన నా ముఖం వైపు చూశారు. తర్వాత రాతి దీపాలకు తేనె పూసి, సూదితో గీసి, అద్దం చూపించారు. నేను వాటికి పసుపూ కుంకుమా దండిగా పెట్టించి, ముందు భాగం దారిలో దెబ్బతినకుండా గోనెసంచులతో పూర్తిగా చుట్టించాను.

అక్కడే పని చెడింది. నంద్యాలలో క్రేనువాళ్లకు ముఖమంటే బొట్టున్న వైపు. ముఖం రోడ్డుకు పెట్టమని శేషారెడ్డి చెప్పాడు, వాళ్లు బొట్టును రోడ్డుకు పెట్టి వెళ్లిపోయారు. హాలు తెరిచే రోజు పొద్దున శేషారెడ్డి తల్లిని వెంటబెట్టుకుని వచ్చేసరికి కారు వెనక భాగం హైవేకు, ముందు భాగం హాలు తలుపుకు తిరిగి ఉన్నాయి. ముందు భాగానికి అప్పటికే నేను బంతిపూల దండలు కట్టించాను, వేలెడు రాయి కూడా బయటికి కనబడకుండా. క్రేను వేరే ఊరు పోయింది. చుట్టాలు కార్లు దిగుతున్నారు.

“ఏందప్పా ఇది?” అన్నాడు శేషారెడ్డి, గొంతు పెంచకుండానే. “వచ్చినోళ్లకంతా నా కారు ముడ్డి జూపిస్తాంది. పగలగొట్టించి పారేస్తా.”

శాల తరఫున నాతో వచ్చిన పెద్దాచారి నా వైపు చూశారు. మౌనేశు ఆళ్లగడ్డ దిక్కుగా చూశాడు. ఆ దిక్కున రోళ్లున్నాయి.

ఈలోగా రెడ్డి తల్లి నాగమ్మ మెల్లగా నడిచి కారు వెనక్కి వెళ్లింది. రాతి తుంటి మీద కుడిచెయ్యి ఆనించింది. కొంచెం వంగి, రెండు పక్కల అద్దాల నడుమ నుంచి హాలు తలుపులోకి చూసి కళ్లు మూసుకుంది. నంద్యాల చుట్టూ తొమ్మిది నంది గుళ్లున్నాయి. ఇక్కడ పుట్టినవాళ్ల చేతికి ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు. నంది వెనక నిలబడి, వీపు తాకి, కొమ్ముల సందులోంచి శివుణ్ణి చూస్తారు. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు.

“పగలగొట్టేదేందిరా?” అంది కొడుకుతో. “బసవన్న సామి తట్టు జూస్తాడు గానీ రోడ్డు తట్టు జూస్తాడా?”

నాకు అంతకంటే ఏం కావాలి. అందుకున్నాను. ఏ గుళ్లోనైనా వాహనం దేవుడికి ఎదురుగా ఉంటుందని, వచ్చేవాళ్లకు వెనక భాగమే కనబడుతుందని, అందుకే పూర్వులు నంది వెనక భాగాన్ని అంత శ్రద్ధగా చెక్కారని, ఇది క్రేనువాళ్ల పొరపాటు కానే కాదని చెప్పాను.

శేషారెడ్డి ఆలోచించాడు. “అట్లయితే లోపల దేవుడెవరప్పా?”

“హాలెవరిదన్నా?” అన్నాను.

ఆయన చలువ కళ్లద్దాలు తీశాడు. నడిచి వెళ్లి తలుపు మధ్యలో నిలబడ్డాడు. ఎదురుగా బంతిపూల కుప్ప, దాని వెనక చేతులు జోడించిన చుట్టాలు. కాసేపటికి ఒక చెయ్యి కొద్దిగా, అభయమిచ్చినట్టు పైకి లేచింది. కారు అట్లాగే ఉండనీమన్నాడు.

ఆ వారమే పెద్దాచారి ఉలి నా చేతికొచ్చింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో స్థిరపడి, డాక్టరు నాకు రిటైర్మెంటు ఇచ్చేదాకా నా దగ్గరే ఉంది. ఇప్పుడది మౌనేశు దగ్గరుంది. ఈ ఉదంతం నేర్పింది ఇంతే: శిల్పి చూసినదాన్నే చెక్కాలి. చూడనిదాన్ని చెక్కక తప్పకపోతే, అది ఎటు తిరిగి ఉండాలో ముందే ఆలోచించుకోవాలి.

ఇక ఇందులోని కల్పన సంగతి. మొదట్లో పెట్టిన ఒట్టు గుర్తుంది కనుక చెప్పేస్తున్నాను. నేను ఆ కారు ఎక్కలేదు. నా బట్టల దుమ్ము సీటుకు అంటుతుందని శేషారెడ్డి ఎక్కనివ్వలేదు. పక్క సీట్లో ఆయన తువ్వాలు కూర్చుంది. నేను వెనకాల మస్తాన్‌వలీ గూడ్స్ ఆటోలో వచ్చాను. చాప, మేకలు, మెడ వెనక గ్రైండరు, వెనకబడిపోయిన జవాబు, అన్నీ ఆటోలో కుదుపులకు పుట్టినవే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా నాకు కనబడింది దాని వెనక భాగం ఒక్కటే. ఆయన చూపించిన ఫొటోలన్నీ కూడా వెనక వైపువే. ముందు భాగం నా కళ్ల ముందు నుంచి పోయినప్పుడు నేను రెప్ప వేశాను.

క్రేనువాళ్ల పొరపాటనేది కూడా పూర్తిగా నిజం కాదు. బొట్టు పెట్టించింది నేనే. లోపల కూర్చున్న దేవుడు ఎప్పుడూ వచ్చినవాళ్లనే చూస్తాడు గానీ వాహనాన్ని చూడడు, కాబట్టి శేషారెడ్డి ఇప్పటికీ గమనించలేదు. నంద్యాలలో ఆ హాలుకు పెళ్లికి వెళ్తే, భోజనాలయ్యాక తలుపు దగ్గర ఆగి, ప్రతి పెళ్లికీ దానికి కట్టే పూలు కొంచెం పక్కకు తొలగించి చూడండి. ట్రాక్టరు, టోపీతో సహా, అక్కడే ఉంది.