మేడంకి నేను చూపించిన చోటు

కరోనా గొడవ సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం అది. రతన్‌పూర్ దాటాక ఉన్న సాల్ చెట్ల అడవిలో మోటార్ సైకిళ్ల రేసు మళ్లీ మొదలుపెట్టారు. రోడ్డు మీద పెట్టే రేసు కాదు. చెట్ల మధ్య మట్టిదారి, బురద గుంటలు, పైకి తేలిన వేర్లు, చివర్లో ఒక మట్టి దిబ్బ. ఆ దిబ్బ మీంచి మనిషీ బండీ కలిసి గాల్లోకి లేవాలి. హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌లో, కుదుదండ్ పేటలో నాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, రైల్వే వాళ్ల రిటైర్మెంట్ సభలు నాకు తిండి పెడతాయి. అడవి రేసులు మాత్రం నా సరదా. ఆ సరదాలో నాకు పోటీ ఎవరూ లేరని చాలా ఏళ్లు హాయిగా ఉన్నాను.

ఆ ఏడాది నన్ను పిలిచింది సింహాచలం. వాగన్ షెడ్‌లో టెక్నీషియన్, నాతో పాటు రైల్వే స్కూల్లో చదువుకున్నవాడు. రెండుసార్లు భుజం జారినా రేసు మానలేదు. ఈసారి వాళ్లావిడ గట్టిగా పట్టుబట్టింది. ఇదే ఆఖరి రేసు, ఆ తర్వాత బండి అమ్మేయాలి. అందుకు ఒప్పుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే రాజూ, ఇన్నేళ్లూ నువ్వు తీసినవన్నీ బండి పక్కన నిలబడినవేరా. గాల్లో ఉన్నది ఒక్కటి లేదు. మా పిల్ల 'పాపా, సచ్ మే ఉడ్‌తే థే క్యా' అని, నిజంగా ఎగిరేవోడివా అని అడుగుతాది. ఏటి సూపించమంటావు?"

గాల్లో ఉన్నవి నేను తీయలేదని కాదు. తీశాను. ఒకటి నల్లగా వచ్చింది, ఇంకోటి వణికింది. ఆ అడవిలో వెలుతురు అలాంటిది. సాల్ ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. హెల్మెట్ మీద మండే ఎండ, హ్యాండిల్ కింద చీకటి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఒకటి ఉంటుంది, దేన్ని నమ్మాలో దానికీ తెలియదు. ఎండని నమ్మితే మనిషి నల్లబడతాడు, నీడని నమ్మితే హెల్మెట్ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. పైగా దూకే బండి ఫోటోలో కదలకుండా పడాలంటే షట్టర్ స్పీడు, అంటే కెమెరా కన్ను తెరిచి మూసే వేగం, బాగా పెంచాలి. పెంచితే లోపలికి వెలుతురు చాలదు. పెద్ద నోరున్న లెన్స్ ఉంటే గట్టెక్కవచ్చు గానీ, అలాంటి లెన్స్ ఖరీదు నా స్కూటర్ కంటే ఎక్కువ.

అందుకే రేసుకి ముందురోజే వెళ్లాను. దిబ్బ మీద ఎండ విరగకుండా ఎప్పుడు పడుతుందో చూసుకున్నాను. సూర్యుడు నా వీపు వెనక ఉండేలా దారి పక్కనే ఒక చోటు ఎంచుకుని, గుర్తుగా రాయి పెట్టి వచ్చాను. ఈసారి సింహాచలాన్ని వాళ్ల పిల్ల కళ్లముందు గాల్లో నిలబెట్టి తీరతాననుకున్నాను.

మర్నాడు వెళ్లేసరికి నా రాయి పక్కన మాధవి మేడం నిలబడి ఉంది.

ఆవిడ గురించి చెప్పాలి. కరీంనగర్ వైపు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, మా ఊరి పక్కనే ఉస్లాపూర్‌లో ఉంటుంది. ఫోటోలు ఆదివారం కాలక్షేపం. ఆ పెద్ద నోరున్న లెన్స్ ఆవిడ మెడలో వేలాడుతూ ఉంటుంది. దసరాకి మన తెలుగు వాళ్లంతా కలిసినప్పుడు ఆవిడ తీసిన ఫోటోలు చూసి జనం ఆహా ఓహో అన్నారు. అననీ, నాకేం? కానీ మా ఆవిడ ఏం చేసిందో తెలుసా? మేడం తీసిన ఫోటోని వాట్సాప్ డీపీగా పెట్టుకుంది. "సూసారా, నా మొహం ఎంత కళగా వచ్చినాదో!" అని నాకే చూపించింది. పెళ్లయిన నాటినుంచి ఆ మొహాన్ని ఫోటో తీస్తున్నవాణ్ణి నేను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

"అన్నా, నేను ఈడ నిలబడొచ్చా? అడవిల తీసుడు ఫస్ట్ టైం, ఏం తెల్వదు," అంది మేడం నవ్వుతూ.

నా ఒళ్లు భగ్గుమంది. నేను ముందురోజంతా తిరిగి ఎంచుకున్న చోటు, ఆవిడ లెన్స్. రెండూ కలిస్తే నా గతేమిటి? నేనూ నవ్వాను.

"ఇద్దరికి జాగా చాలదు మేడం. దారికి అవతలి పక్కకి ఎల్లండి. అటయితే ఫోటో బాగా వస్తాది."

అవతలి పక్క ఎదురెండ. కెమెరా ఎత్తితే సూర్యుడు నేరుగా లెన్స్‌లోకి కొడతాడు, బొమ్మ మొత్తం పాలిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటి రోజే వద్దని చెప్పే పని అది. ఆవిడ "థాంక్స్ అన్నా" అని బురద దాటుకుంటూ వెళ్లిపోయింది.

రేసు మొదలైంది. మొదటి రెండు చుట్లలో బండ్లన్నీ గుంపుగా వచ్చాయి. సింహాచలం మిగతావాళ్ల దుమ్ములో కలిసిపోయాడు. ఫరవాలేదు, ఎండ ఇంకా దిబ్బ పూర్తిగా ఎక్కలేదు. ఆ ఖాళీలో నేను మేడం ఎంత అవస్థ పడుతోందో చూడటం మొదలుపెట్టాను. మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. లెన్స్ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. నా మనసుకి చల్లగా ఉంది. కాసేపటికి ఆవిడ కెమెరా వెనక తెర చూసుకుని నవ్వింది. ఎదురెండలో నవ్వేటంత ఏముంది? ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఏం పడిందో ఇక్కణ్ణుంచి కనిపించదని తెలిసీ చూస్తూ ఉండిపోయాను.

సింహాచలం బండి మోత నాకు తెలుసు. చెవులు విన్నాయి. కళ్లు మాత్రం మేడం దగ్గరే ఉన్నాయి. జనం అరిచాక తుళ్లిపడి కెమెరా ఎత్తాను. నాకు దొరికింది వెనక చక్రం సగం, మిగతాదంతా దుమ్ము.

పోనీ తర్వాతి చుట్టులో చూద్దామనుకుంటే ఆ చుట్టు సగంలోనే బండి చైను తెగింది. సింహాచలం బండి తోసుకుంటూ చెట్లలోంచి బయటికి వచ్చాడు. ముఖమంతా మట్టి, మట్టిలోంచి పళ్లు మెరుస్తున్నాయి.

"మూడో చుట్టు సూసినావా? జన్మలో అంత ఎత్తు ఎగరలేదురా. పడిందా?"

"ఇంటికెళ్లి కంప్యూటర్లో సూడాలిరా," అన్నాను.

వారమంతా ఫోన్లు చేశాడు. ఆదివారం నాడు ఇక తప్పక ఉస్లాపూర్‌లో మేడం ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ఆవిడకీ పడకూడదని ఒకసారి, పడి ఉండాలని ఒకసారి అనుకున్నాను.

మేడం టీ ఇచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది.

ఎదురెండలో లేచిన దుమ్ము దుమ్ములా లేదు. పసుపు రాశి వెలుగుతున్నట్టుంది. దాని మధ్య నల్లటి మనిషి, నల్లటి బండి, హెల్మెట్ అంచున, భుజాల అంచున సన్నటి వెలుగు గీత. రెండు చక్రాలూ గాల్లో. నేను పెట్టుకున్న చోటునుంచి ఎంత బాగా తీసినా ఇది రాదు. ఆ దుమ్ము వెలగాలంటే ఎదురెండే కావాలి. ఆవిడని అక్కడికి పంపింది ఎవరు మరి? నేనే.

"మస్తు వచ్చింది కదన్నా! ఈ ప్లేస్ మీరే చూపించిన్రని అందరికీ చెప్తున్న," అంది. వెటకారం కాదు. వెటకారమైనా బాగుండేది.

అప్పుడు బండి వెనక వరసలో నిలబడ్డ జనాన్ని చూశాను. నీడలో కొంచెం మసకగా ఉన్నారు, కానీ గుర్తుపట్టవచ్చు. అందరి తలలూ పైకి, బండివైపు తిరిగి ఉన్నాయి. ఒక్కడు మాత్రం కెమెరా పొట్ట దగ్గర పట్టుకుని నేరుగా లెన్స్‌లోకి చూస్తున్నాడు. మూతి బిగించి, కళ్లు చికిలించి. పక్కింటి గిన్నెలోకి తొంగిచూసేవాడి మొహం అది. నా మొహం.

"మీరు అడ్డమొచ్చిన్రు," అంది మేడం. "కట్ చేయనా? చేస్తే వెనక చక్రం కొంచెం పోతది."

ఒక్క క్షణం పోతే పోనీ అనుకున్నాను. కానీ చక్రం లేకపోతే బండి గాల్లో ఉన్నట్టే తెలియదు.

"వద్దు మేడం. ఉండనీండి."

నా స్టూడియోలో నేనే పెద్దది ప్రింట్ వేసి, ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను. సింహాచలం ఫ్రేము మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. వాళ్ల పిల్ల "పాపా, సచ్ మే!" అని అరిచింది. వాడు కళ్లు తుడుచుకుని నా భుజం మీద ఒక్కటి చరిచాడు.

"తీసింది నేను కాదురా, మేడం," అన్నాను. వాడింకా వెనక వరసలో ఉన్న నన్ను గమనించలేదు, అయినా చెప్పేశాను.

ఆ రేసు నాకు వెలుతురు గురించి ఒకటి నేర్పింది. అడవిలో వీపు వెనక సూర్యుణ్ణి పెట్టుకుని భద్రంగా నిలబడితే బండి కనిపిస్తుంది, దాని పరుగు కనిపించదు. ఇప్పుడు నేనూ ఎదురెండ వైపే నిలబడతాను. మేడం కూడా అక్కడికే వస్తుంది, నేను జరిగి చోటిస్తాను. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆవిడ ఈ మధ్య ఇంకా పెద్ద లెన్స్ కొంది. రేసు అయ్యేదాకా మాత్రం ఆవిడవైపు తల తిప్పను.

సింహాచలం వాళ్ల ముందుగదిలో ఆ ఫోటో ఇంకా ఉంది. బండి అమ్మేశాడు. నేనక్కడ ఉన్నప్పుడు కొత్తవాళ్లు ఎవరు వచ్చినా ముందు వాణ్ణి చూసి నోరెళ్లబెడతారు, తర్వాత వెనక వరస చూసి నావైపు తిరుగుతారు.

"అందరూ బండిని చూస్తుంటే మీరేమిటండీ, ఇటు చూస్తున్నారు?"

టీ చల్లారిపోతోంది, తాగండి అంటాను.