దిష్టి తీస్తూ నేను మింగేసిన మాట

నేనొక మనిషి కడుపు కొట్టాను. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా దాన్ని తప్పించుకుని వేరే కోరికలేవో కోరుకుని వచ్చేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలిక. వినండి చాలు, మధ్యలో నన్ను ఓదార్చకండి.

అప్పట్లో నేను మస్కట్‌లో ఉండేదాన్ని. ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగులు, అక్కడ వాదీలంటారు, అవన్నీ పొంగి రోడ్ల మీదికి వచ్చేసిన ఆ పెద్ద తుఫాను తర్వాతి ఏడాది మాట. హమ్రియాలో ఒక పాత మేడ పైఅంతస్తులో మాకో రూమ్ ఉండేది. నేనూ, మా గోదావరి వైపు నుంచే వచ్చిన రత్నమూ అందులో ఉంటూ ఫ్లాట్లలో గంటల లెక్కన పని చేసుకునేవాళ్ళం. శుక్రవారం వచ్చిందంటే చాలు, ఒమానీల ఇళ్ళలోనే ఉండి పనిచేసే మన ఆడవాళ్ళు సెలవు దొరికినవాళ్ళు దొరికినట్టు మా రూమ్‌కు చేరిపోయేవాళ్ళు. ఎంత గోల! ఒకరు చేపలు కడుగుతుంటే ఒకరు ఫోన్ కార్డు గీకుతూ ఇంటికి నంబరు కొట్టేవాళ్ళు. ఒకరు పాట ఎత్తుకుంటే ఇంకొకరు ఆ పాట ఆపమని బతిమాలేవాళ్ళు. మేడ మీద ఆరేసిన చీరలు గంటలో అప్పడాల్లా ఎండిపోయేవి. వెనకాల గోధుమరంగు కొండలు. కింద చాయ్ కొట్టులోంచి పరోటాల వాసన. నిజం చెప్పనా? నా బతుకులో అంత నవ్విన రోజులు ఆ తర్వాత మళ్ళీ రాలేదు. పాపం చేసిన చోటే మనసుకు ఇంత తీపిగా గుర్తుండడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు.

ఆ రూమ్‌లో నాకొక గౌరవం ఉండేది. నాకు దిష్టి తీయడం వచ్చు. మా అమ్మమ్మ నేర్పింది. ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు గుప్పిట్లో పట్టుకుని మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేయడం అందరికీ తెలిసిందే. అయితే మా అమ్మమ్మ దానికి రెండు కట్టుబాట్లు పెట్టింది. ఒకటి, దిష్టి తీసేవాళ్ళు ముందు తమ కంటినే అనుకోవాలి. "నా దిష్టి, నీ దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని ఆ వరసలోనే అనాలి. రెండు, ఎవరి దిష్టి అని అడిగితే చచ్చినా పేరు చెప్పకూడదు. "పేరు చెప్పావా, ఇక అది దిష్టి తీయడం కాదే, చేతబడే" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు భయపడ్డాను. పెద్దయ్యాక మరిచిపోయాను.

ఇంకో సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. దిష్టి నిజంగా తగిలి ఉంటే, మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదంటారు. అందరూ దగ్గారంటే దిష్టి లేదన్నమాట.

ఓబులమ్మ కడప వైపు మనిషి. అల్ ఖువైర్‌లో ఒక ఒమానీ ఇంట్లో చంటిపిల్లాణ్ణి చూసుకునేది. మొగుడు వదిలేశాడు. అన్నదమ్ముల ఇళ్ళలో మంచం వేసిన చోటల్లా లేవమన్నారట. తనకంటూ ఒక్క గది, దానికి లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు ఉండాలని, దాని కోసమే సముద్రం దాటి వచ్చింది. నవ్వుతూనే చెప్పేది ఆ మాట. శుక్రవారం వచ్చి మాకు ఉగ్గాని చేసి పెట్టేది. వాళ్ళ మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఫోన్‌లో ఎలా అరుస్తుందో చేసి చూపించి మమ్మల్ని కడుపు పట్టుకుని నవ్వేలా చేసేది. మెల్లగా రూమ్ అంతా ఆవిడ చుట్టూ చేరింది. రత్నం కూడా.

ఇక్కడే నా మనసు సంగతి దాచకుండా చెప్పాలి. రత్నమంటే నాకు ప్రాణం. వరస కలిపి నన్ను ఒదినా అనేది. ఊరు కాని ఊళ్ళో నాకున్నది తనొక్కతే. నా కాళ్ళు నొప్పెడితే పట్టేది, నాకు జ్వరమొస్తే డ్యూటీ మానేసి కూర్చునేది. అలాంటిది ఓబులమ్మ వచ్చిన శుక్రవారం నా వైపు చూడడమే మానేసింది. ఓబులమ్మ మెట్ల దగ్గర కూర్చోబెట్టి రత్నం జడ విప్పి కొబ్బరినూనె పట్టించి దువ్వేది. పిరుదులు దాటిన జుట్టు రత్నానిది. "అబ్బా, యేం జుట్టక్కా, చూస్తాంటే కడుపు నిండిపోతాంది!" అని పైకే అనేది. ఆ ఇద్దరి నవ్వులూ వింటూ నేను లోపల బియ్యం ఏరుకుంటూ కూర్చునేదాన్ని. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. నాకంటే నాలుగేళ్ళు చిన్నదాని మీద, ఒక తల దువ్వినందుకు! సిగ్గుగా ఉంది చెప్పడానికి. అయినా అదే జరిగింది.

ఆ చలికాలంలో రత్నం జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. మా మేడకు ట్యాంకర్ నీళ్ళు, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండేవి. అందరికీ ఊడేది, నాకూ ఊడేది. కానీ నాది పిలక జడ, ఊడినా ఎవరికి పట్టింది? రత్నం మాత్రం ఏడ్చి ఏడ్చి అన్నం మానేసింది. ఒక శుక్రవారం సాయంత్రం దీపాలవేళ, ఓబులమ్మకు సెలవు దొరకని రోజు, నన్ను దిష్టి తీయమంది. మేం సాంబ్రాణి వేసుకునే మట్టి ధూపదానిలో బొగ్గులు రాజేసి, గుప్పిట పట్టి తిప్పాను. "నీ దిష్టి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..."

విన్నారా? మొదటి మాట అనలేదు. మరిచిపోయి కాదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను. నా కంట్లో ఏముందో నాకు తెలుసు కనక.

నిప్పుల్లో వేయగానే రూమంతా ఘాటు. రత్నం దగ్గింది, నేను దగ్గాను, పక్క రూమ్‌లోని బెంగాలీ ఆవిడ తలుపు కొట్టి తిట్టింది. అంటే ఏమిటి? దిష్టే లేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది, నీళ్ళ వల్లే తల్లీ అని. రత్నం కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఘాటేంటొదినా ఇంతలా? దిష్టి లేదంటావా? నిజం చెప్పు, ఎవరి కళ్ళూ పడలేదా నా మీద?"

"పడ్డాయి. నీ తల ఎవరు దువ్వుతున్నారో వాళ్ళవే" అన్నాను.

అంతే. అంత చిన్న మాట. అది నోటి నుంచి వచ్చినప్పుడు ఎంత హాయిగా ఉందో కూడా చెప్పేయాలి మీకు. రత్నం నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మళ్ళీ నా రత్నం నాకొచ్చేసింది అనుకున్నాను.

మరుసటి శుక్రవారం ఓబులమ్మ చేసిన ఉగ్గాని ఎవరూ ముట్టలేదు. పళ్ళెం ముందు పెట్టుకుని అందరి మొహాలూ చూసింది. పాపం, ఉప్పెక్కువైందేమోనని ముద్ద నోట్లో పెట్టుకుని చూసుకుంది. అప్పుడు చెప్పొచ్చు కదా నేను? చెప్పలేదు. మాట రూమ్ దాటింది. వాళ్ళ మామా చెల్లెలి ఇంట్లో పనిచేసే ఒకావిడ ద్వారా ఆ ఇంటికే చేరింది. మన దిష్టి వాళ్ళకు తెలియంది కాదు. పిల్లాణ్ణి ఎవరైనా ముద్దు చేస్తే దిష్టి తగలకుండా మాషా అల్లా అనిపించందే వదిలిపెట్టరు. అయితే అక్కడికి చేరేసరికి దిష్టి కాస్తా 'సిహర్' అయి కూర్చుంది. సిహర్ అంటే చేతబడి. చంటిపిల్లాడు రెండు రోజులుగా పాలు కక్కుతున్నాడట. వాళ్ళ మామా హడలిపోయింది. ఓబులమ్మ వీసా రద్దు చేయించి ఇండియాకు టికెట్ కొనేశారు.

అప్పుడైనా నేను టాక్సీ ఎక్కి ఆ ఇంటికి వెళ్ళి, ఇది నా అబద్ధమమ్మా అని చెప్పొచ్చు. దారి తెలుసు. కాస్తో కూస్తో అరబ్బీ కూడా వచ్చు. రత్నం నన్ను అసహ్యించుకుంటుందని ఆగిపోయాను. ఒక మనిషి బతుకు కంటే నా ఒళ్ళో ఉన్న ఆ తల నాకు ఎక్కువైపోయిందా? అయింది. నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు.

విమానం ఎక్కే రోజు మధ్యాహ్నం ఓబులమ్మ మా రూమ్‌కు వచ్చింది. కింద కారు ఆగి ఉంది. రత్నం డ్యూటీలో ఉంది. నేనొక్కదాన్నే. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అక్కా, నాకు దిష్టి తియ్యి" అంది.

నేను కిటికీలోంచి కింద కారు వైపు చూశాను.

"నా కంట్లో ఏందో ఉందంటాండారు అందురూ. నాకే యెవురిదో తగిలినట్లుండాదక్కా. లేకుంటే ఇంత బాగుండే బతుకు ఇట్లా యెందుకైతాది? నువ్వు తీస్తే పోతాది. ఊరికి పోయినాక నాకు తీసేవాళ్ళు యెవురుండారు?"

కూర్చోబెట్టాను. ధూపదానిలో బొగ్గులు వేశాను. ఆవాలు కింద పడితే ఆవిడే ఏరి నా గుప్పిట్లో పెట్టింది. తిప్పడం మొదలుపెట్టాను. నా పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు.

"ముందర యేదో లోపల్లోపలే అనుకున్నావే, యేందది?" అంది.

"ఏం లేదు" అన్నాను. "దేవుడి పేరు."

ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి. ఘాటు రాలేదు. ఆవిడా దగ్గలేదు, నేనూ దగ్గలేదు. బొగ్గులు సరిగా రాజలేదేమో. ఈ మాట నాకు నేను ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను.

"చూడక్కా, ఘాటే లేదు. నేనంటి కదా, తగిలిందని!" అని ఓబులమ్మ పిల్లలా సంతోషపడింది. ఇక పోయిందిలే అని నా చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. అవే చేతులు. మెట్లు దిగుతూ, రత్నానికి నీళ్ళు మరగబెట్టి చల్లార్చి తలకు పోసుకోమని చెప్పమంది.

ఆ మాట కూడా నేను రత్నానికి చెప్పలేదు. ఓబులమ్మ వెళ్ళిపోయాక కూడా జుట్టు ఊడుతూనే ఉంది. "చూశావా ఒదినా, వెళ్ళినా వదల్లేదు అది" అనేది రత్నం. నేను ఊఁ కొట్టేదాన్ని. తర్వాత తను సోహార్‌లో పని చూసుకుని వెళ్ళిపోయింది. కొన్నాళ్ళు ఫోన్లు, తర్వాత అవీ లేవు. ఎవరిని దక్కించుకోవాలని అంత పని చేశానో ఆ మనిషి మామూలుగా, ఏ గొడవా లేకుండా నా బతుకులోంచి వెళ్ళిపోయింది.

ఓబులమ్మకు ఆ గది దక్కిందో లేదో నాకు తెలియదు. చేతబడి చేస్తుందని పంపేశారన్న మాట ఆవిడ కంటే ముందే ఊరు చేరిందని మాత్రం విన్నాను. మన ఊళ్ళలో ఆ మాట ఒంటరి ఆడదాన్ని ఏం చేస్తుందో మీకు వేరే చెప్పాలా? అంతకు మించి అడగడానికి భయపడ్డాను. కడప మీదుగా రైల్లో వెళ్ళేటప్పుడు ఇప్పటికీ కిటికీ రెక్క దించేసుకుంటాను.

మళ్ళీ ఎవరికీ దిష్టి తీయలేదు. మనవరాలికి తీయమని మొన్న కోడలు గిన్నెలో ఉప్పూ మిరపకాయలూ తెచ్చిపెడితే, చేయి నొప్పని చెప్పి తప్పించుకున్నాను. గిన్నె ఇంకా నా గదిలోనే, బల్ల మీద ఉంది. దాని పక్కన కూర్చునే మీకిది చెబుతున్నాను.

హమ్రియాలో ఆ రోజు రత్నానికి ఎవరి దిష్టీ తగల్లేదు. ఓబులమ్మకు తగిలింది. అప్పుడు మింగేసిన మొదటి మాట ఇప్పుడు పైకే అంటున్నాను, మీరు వినండి.

నా దిష్టి.