డీజిల్ వడకట్టిన గుడ్డ

మా ఇంటికి డీజిల్ పీపా వచ్చిన రోజు అమ్మ మగ్గం గుంటలోంచి లేవలేదు. బయట ఎడ్లబండి ఆగింది. వాడకట్టంతా వచ్చి పెళ్ళికొడుకును చూసినట్టు పీపాను చూసింది. అమ్మ మాత్రం నాడె అటూ ఇటూ విసురుతూ నేస్తూనే ఉంది.

మాది మోత్కూర్ దగ్గర పల్లె, నేతపని ఇల్లు. మా అవ్వ, అంటే నాయనమ్మ, పోయాక బాపు మగ్గం దిగి, మాకున్న కాస్త మెట్ట చెలక, దానిలోని బావి మీద పడ్డాడు. మోట కొట్టి కొట్టి ఎద్దులు డీలా పడ్డాయని ఎవరో వాడిన పాత ఇంజన్ ఒకటి తెచ్చి బావిగడ్డ మీద బిగించాడు. మా ఊళ్ళో అప్పటికింకా కరెంటు లేదు. డీజిల్ కావాలంటే ఆలేరు పోవాలి. బండి కట్టుకుని పోయి రావడానికి పొద్దంతా పట్టేది. చీటికీ మాటికీ ఎవరు పోతారని ఏకంగా పీపానే ఇంటికి తెచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, ఆ రోజుల్లో మా బాపు అదే.

బావి దగ్గర పెడితే దొంగల పాలు. ఇంట్లో ఉన్నవి రెండే అర్రలు, ఒకటి పొయ్యిది, ఒకటి మగ్గానిది. పీపాను దొర్లించుకుంటూ మగ్గం అర్రలోకి తెస్తుంటే అమ్మ అప్పుడు చెయ్యి ఆపింది.

"గిది ఈడ పెడ్తె నా పడుగు ఏం గావాలె?"

"ఏం గాదే. మూత గట్టిగ బిగించిన. పొయ్యి కాడ పెడ్తె ఇల్లు అంటుకుంటది. ఇంకేడ జాగా ఉన్నది, నువ్వే చెప్పు."

అమ్మ మళ్ళీ నాడె అందుకుంది. బాపు అన్నది నిజమే మరి. ఇప్పటికీ నాకు మండేది అందుకే. ఆయన తప్పుడు మాట అనుంటే కోపగించుకుని ఊరుకునేదాన్ని.

మొదట్లో రబ్బరు గొట్టం పీపాలో వేసి నోటితో పీల్చేవాడు. రెండుసార్లు డీజిల్ గొంతులోకి పోయి కక్కుకున్నాడు. "కల్లు చాలలేదా?" అని అమ్మ నవ్వింది. తర్వాత భువనగిరిలో పాత సామాన్ల దగ్గర ఒక చేతిపంపు దొరికింది. పీపాను రాళ్ళ మీద నిలబెట్టి, పంపును దాని మూతికి బిగించి, పంపుకు గొట్టం తొడిగాడు. పిడి తిప్పితే డీజిల్ గొట్టంలోంచి గరాటులోకి, గరాటులోంచి కిరసనాయిలు డబ్బాలోకి పడేది. డబ్బాలను కావడిలో పెట్టుకుని బావికి మోసేవాడు. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఆ పని చేసేటప్పుడు బాపు ముఖం చూడాలి. మగ్గం మీద అంత సంతోషంగా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

ఒక్కటే చిక్కు. పంపు మెడ దగ్గర గొట్టం వదులు. నేతవాళ్ళ ఇంట్లో ఏది వదులైనా మందు ఒక్కటే, నూలు. లాంతరు పిడి ఊగినా, గొడుగు పుల్ల విరిగినా, మా వేలు తెగినా నూలే చుట్టేవాళ్ళం. బాపు మంచి నూలు బిగించి చుట్టి, పైన చిక్కటి గంజి మెత్తాడు. ఎండాక లాగి చూస్తే కదల్లేదు. ఇంకా బారెడు నూలు మిగిలింది. మిగిలిన నూలు తెంపి పారెయ్యడం నేతవాడి చేతికి రాదు. గొట్టం నేల మీద పడకుండా ఉంటుందని ఆ కొసను తీసుకెళ్ళి మగ్గం గుంజకు కట్టాడు. దాని కిందే పడుగు పరుచుకుని ఉంది.

రోజూ మాపటికి దీపంలో వత్తి వేసే ఇల్లు మాది. నూలు చమురు పీలుస్తుందని మాలో తెలియనిది ఎవరికి? అయినా అమ్మకు తట్టలేదు, బాపుకు తట్టలేదు. గంజి పెట్టిన నూలంటే మాకు గోడంత నమ్మకం. గొట్టంలో మిగిలిన డీజిల్ నూలెంట పాకి, చుక్కచుక్కగా పడుగు మీద పడింది. వాసన ఎలాగూ పీపా వచ్చినప్పటి నుంచీ ఉన్నదే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. పడుగు చుట్టుకుంటూ ముందుకు వచ్చాక, తెల్లటి పోగులు అమ్మ చేతికి నల్లగా, జిడ్డుగా తగిలాయి.

ఆమె వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని గుంటలోనే కూర్చుండిపోయింది.

మరకతోనే మిగతాది నేసి దించి, ఆ గుడ్డను సౌడు మట్టితో ఉతికారు, కుంకుడు రసంలో నానబెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మరక కాస్త పలచబడింది గానీ వాసన పోలేదు. మాకు నూలిచ్చే షావుకారు గుడ్డ మడత విప్పకుండానే వెనక్కి నెట్టాడు. "డీజిల్ పీపా ఉన్న ఇంటికి నా నూలు ఇయ్య" అన్నాడు. మగ్గం అలా ఆగింది.

మా ఇంట్లో ఒక మాట ఉండేది. పోయినవాళ్ళ మీద ఆ ఇంటి మగ్గం మీది గుడ్డే కప్పాలి. అవ్వకు అమ్మ నేసిన చీరే కప్పారు. అప్పుడు అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "అత్తకు నేనున్న. నాకెవలున్నరు? నాది నేనే నేసి పెట్టుకోవాలె" అంది. అందరూ నవ్వారు.

డీజిల్‌లో నలక ఉంటే ఇంజన్ ఆగిపోతుంది, గరాటులో గుడ్డ వేసి వడకట్టాలి. చెడిపోయిన ఆ గుడ్డను అమ్మే తెచ్చింది. పంటితో అంచు కొరికి పర్రున చింపి, "దేనికో దానికి పనికి రానియ్" అంది. అప్పటి నుంచి ముక్క మసిబారినప్పుడల్లా బాపు మగ్గం అర్రలోంచి "ఏమే, గుడ్డ తే" అని పిలిచేవాడు. అమ్మ ఒక ముక్క చింపి ఇచ్చేది.

ఇంజన్ నడిచింది. వరి పండింది. తెల్లన్నం తిన్నాం. అమ్మ నాట్లకు పోయేది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటే ఆమె పాదాలు ఒకటి విడిచి ఒకటి నేలను నొక్కుతుండేవి, మగ్గం తొక్కుతున్నట్టు. బాపు అది చూసి బయటికి పోయేవాడు.

కొన్నేళ్ళకు అమ్మకు జ్వరం వచ్చింది. భువనగిరి దవాఖానలో పెట్టినా తగ్గలేదు. ఒళ్ళు తెలియని జ్వరంలో కూడా ఆ పాదాలు కదులుతూనే ఉన్నాయి. బాపు వాటిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. అవి ఆగిపోయాక కూడా వదల్లేదు.

ఇంటికి తెచ్చాక పెద్దమనుషులు కప్పడానికి మగ్గం గుడ్డ అడిగారు. ఇంట్లో లేదు. మామయ్య బజారుకు పోయి మిల్లు గుడ్డ తెచ్చాడు. అది చూసి బాపు లేచి మగ్గం అర్రలోకి పోయాడు. గరాటులో ఉన్న ముక్కను తీసి, వాకిట్లో నీళ్ళ గోలెం దగ్గర కూర్చుని కుంకుడు రసంతో రుద్దాడు. పాడె సిద్ధమైంది. జనం నిలబడే ఉన్నారు. ఆయన రుద్దుతూనే ఉన్నాడు. ఆ నలుపు పోదని ఆయనకు తెలుసు.

తడిముక్క పట్టుకుని వస్తే పిన్ని అడ్డం వచ్చింది. "వద్దు బావా, వాసనొస్తది."

"గిదొక్కటే మిగిలింది. గిది ఆమె నేసిందే."

మిల్లు గుడ్డ పైకెత్తి, అమ్మ గుండెల మీద ఆ ముక్క పరిచి మళ్ళీ కప్పాడు. తెల్లటి గుడ్డ మీద తడి పైకి తేలింది. అలాగే తీసుకెళ్ళారు.

దినాలు అయ్యాక చేను ఎండుతోందని ఎవరో అన్నారు. బాపు లేచాడు. మగ్గం అర్రలో డబ్బా పెట్టిన చప్పుడైంది, గరాటు పెట్టిన చప్పుడైంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

"ఏమే, గుడ్డ తే" అన్నాడు.

తర్వాత గరాటును మళ్ళీ కింద పెట్టిన చప్పుడైంది. నేను అటు పోకుండా పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాను.