అంతా ఒకటే షేడ్

మా తోడల్లుడి బాత్రూం గోడలో నాలుగు వరుసల టైల్స్ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అది మేస్త్రీ తప్పని మా బంధువులందరికీ ఏడాదిగా చెబుతూ వచ్చింది నేనే. అది అబద్ధం.

నాకు సొంత పికప్ బండి ఉంది. ఇరవై ఏళ్లుగా ఇళ్ల సామాను మోస్తున్నాను. మా మామ నాలుగేళ్లు బాచుపల్లిలో మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దుపోకపోతే బండిలో నా పక్క సీట్లో కూర్చుని లోడుకు వచ్చేవాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఒకరోజు, "నీ ఇంటికి మెట్లున్నయి అల్లుడా. ఆడ లిఫ్టుంది. చిన్నదాని తాన ఉంట" అన్నాడు. చిన్నదంటే మా మరదలు. ఆమె భర్తది గుంటూరు వైపు. రాయదుర్గంలో ఆఫీసు, తెల్లాపూర్‌లో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు. మాట చివర "అండి" లేకుండా మాట్లాడడు. ఆ "అండి"కే మామ పడిపోయాడని నా కుళ్లు.

మామ కోసం అతను పాత బాత్రూం పగలగొట్టించి, జారని నేల, పట్టుకోవడానికి స్టీలు రాడ్లు పెట్టించాడు. సామాను తెచ్చే పని నాకే ఇచ్చాడు. "మీరుంటే నాకు బెంగ లేదండి అన్నయ్యా" అన్నాడు. అదీ నాకు ఎత్తిపొడుపులాగే వినిపించింది.

మొదటి ట్రిప్పు సిమెంటు, ఇసుక బస్తాలు. రెండోది టైల్స్. టైల్ పెట్టెల్ని పడుకోబెడితే పగులుతాయి. క్యాబిన్‌కు ఆనించి నిలబెట్టి తాడు కట్టాలి. అలా నిలబెడుతుంటే పెట్టె అంచున ఉండే షేడ్ నంబరు కళ్లముందే ఉంటుంది. డిజైను ఒకటే అయినా తయారైన విడతను బట్టి ఆ నంబరు మారుతుంది, దానితో రంగులోనూ తేడా వస్తుంది. మూడు పెట్టెల మీద వేరే నంబరు ఉంది. షాపువాడికి చెబితే అక్కడికక్కడే మార్చేవాడు. నేను చెప్పలేదు. తాడు బిగించాను.

బరువుకి బండి వెనక కుంగిపోయింది. నెమ్మదిగా నడుపుతూ దారి పొడుగునా ఒకటే అనుకున్నాను, ఆ బాత్రూం మరీ అంత బాగుండకూడదని. నా ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో మామకు ఒక్క రాడ్డయినా ఎందుకు కొట్టించలేదన్నది మాత్రం తట్టలేదు.

అక్కడ సామాను లిఫ్టు నాలుగింటి వరకే. మేస్త్రీ తొందరలో ఉన్నాడు. లోడు తెచ్చినవాడు నంబర్లు చూశానంటే మేస్త్రీ మళ్లీ చూడడు. మాలో అదొక పద్ధతి.

"షేడ్ జూసినవా అన్నా?"

"అంతా ఒకటే. దించుండ్రి."

"నువ్వు తెచ్చినంక ఇగ ఫికర్ ఏంది!" అని నవ్వి పెట్టె భుజానికెత్తుకున్నాడు.

గోడ పూర్తయి, తుడిచాక తేడా బయటపడింది. మామ కర్ర మీద ఆనుకుని చూసి, "ఏందిది, అతుకేసిన అంగి లెక్క" అన్నాడు. తోడల్లుడు మేస్త్రీ మీద అరిచాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను స్టీలు రాడ్డు గట్టిగా ఉందో లేదో లాగి చూస్తూ ఉండిపోయాను. తమ పని కూడా మేస్త్రీకే ఇస్తామన్న ఎదురు ఫ్లాటువాళ్లు, ఆ గోడ చూసి వద్దన్నారు. ఆ పని నమ్ముకుని అతను బయట ఇంకొకటి వదులుకున్నాడు.

మొన్న టైల్స్ షాపు దగ్గర మేస్త్రీ కనబడితే ఒప్పేసుకున్నాను.

"ఖాళీ పెట్టెలు జూసినప్పుడే ఎర్కైంది" అన్నాడు.

"మరి అప్పుడే ఎందుకనలే?"

"మీ మామ ముంగట ఏమంట? పని నడిచినన్ని దినాలు ఆ ముసలాయన నా పక్కన కుర్చేస్కోని నీ ముచ్చటే. మా పెద్దల్లుడు గిట్ల, మా పెద్దల్లుడు గట్ల. నాకు చెప్పుడు గాదన్నా, ఆళ్లకు చెప్పు."

ఆదివారం వెళ్లి చెప్పాను. తోడల్లుడు వెంటనే మేస్త్రీకి ఫోను చేసి, "ఆరోజు మీ మీద అరిచాను, తప్పు నాదేనండి" అన్నాడు. ఎదురు ఫ్లాటు పని ఇంకెవరో ఎప్పుడో చేసేశారు. అది మళ్లీ రాదు.

మామ నా వైపు చూడకుండానే, "ఆ నంబర్ టైల్స్ ఇప్పుడు దొరుకుతయా?" అని అడిగాడు.

"దొరకవు మామా."

"అయితే గోడంత మార్చు. ఆ మేస్త్రీతోనే చేయించు. పెట్టెలు నువ్వే మొయ్యి."

సరేనన్నాను. మామ కర్ర అందుకున్నాడు.

"లోడుకు నేను గూడ వస్త. నంబర్లు నేను జూస్త."