పై బల్ల మీద రెండు గుడ్డలు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పే సంగతి కాదిది. దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. రాయచోటి నుంచి వచ్చి పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఇళ్ళ పని చేస్తున్నాను. ఖాళీ విల్లాల్లో ఒంటరిగా పడుకున్నాను. ఏనాడూ జడవలేదు.

అక్కడ రుమైథియా అనే పేటలో నా యజమానురాలు అమెరికా ఆవిడ. అక్కడి పనివాళ్ళందరిలాగే నేనూ ఆవిణ్ణి మామా అనేదాన్ని, అంటే అమ్మ అని. ఆవిడ భర్త, మా సార్‌ది ఫిన్లాండ్. మేడ మీద చెక్కలతో ఆవిరి గది కట్టించుకున్నాడు, లోపల కూర్చోను మెట్లలా కిందొక బల్ల, పైనొక బల్ల. కరెంటు పొయ్యి మీద కాలిన రాళ్ళపై నీళ్ళు పోసి, ఆ ఆవిరిలో కూర్చుంటారు. డ్రైవర్ మస్తాన్ నవ్వేవాడు: "అక్కా, బయటే ఉడుకుతా ఉండాం గదా, లోపల మళ్ళా పొయ్యి ఎందుకంట వీళ్ళకు?"

ఒక ఏడు సార్ వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళ పద్ధతిలో ఎవరి గుడ్డ వాళ్ళు పరుచుకుని, మాట్లాడకుండా కూర్చోవాలి. అందరి స్నానాలూ అయ్యాక చివరి గరిటె నీళ్ళు రాళ్ళ మీద పోసి తలుపు మూసేయాలి. ఆ ఆవిరి కంటికి కనబడకుండా ఆ గదిని కాచేవాళ్ళదట. తెల్లారేదాకా ఎవరూ లోపలికి పోకూడదు.

మామాకు ఇదంతా కొత్త. మొదటిరోజే గుడ్డ లేకుండా పై బల్ల మీద అత్త పక్కన కూర్చుని గలగలా మాట్లాడింది. ముసలామె ఏమీ అనకుండా లేచి బయటికొచ్చేసింది. ఊరికి పోయేదాకా కోడలితో పెదవి విప్పలేదు. మామా మళ్ళీ పై బల్ల ఎక్కలేదు.

"తిట్టినా బాగుండేది" అని నా దగ్గర ఏడ్చింది. తిట్టే అత్తలను ఎందరినో చూశాను. తిట్టని అత్తతో ఎలా వేగాలో నాకూ తెలియలేదు.

మరుసటి వేసవిలో ముసలామెకు గుండె ఆపరేషన్ అంటే సార్ వెళ్ళాడు. ఆమె ఫోనులో కూడా కోడలితో మాట్లాడలేదు. ఏమన్నా అయ్యేలోపు ఒక్క మాట వినాలని మామా ఆరాటం. తినదు, ఒకచోట నిలవదు, ఇల్లంతా తిరుగుతుంది. శనివారం మధ్యాహ్నం ఒక్కతే ఆవిరి గదికి పోయింది. కింది బల్ల మీద గుడ్డ పరుచుకుని, నోరు మెదపకుండా కూర్చుందట. గుడ్డ అక్కడే వదిలి, చివరి గరిటె పోసి, పొయ్యి ఆపి, తలుపు మూసి వచ్చింది.

తప్పు నాదే. తడి చెక్కను వదిలేస్తే నా చేతులు ఊరుకోవు. గంట తర్వాత తుడవడానికి వెళ్ళాను. తలుపు మీద చెయ్యి వేయగానే లోపల రాళ్ళు చుయ్‌మన్నాయి. తీశాను. వేడి ముఖానికి కొట్టింది. మనిషి లేదు. గరిటె బయట బకెట్లోనే ఉంది.

పై బల్ల మీద రెండు గుడ్డలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకటి మామాది. ఎర్ర అంచుది ముసలామెది. ఊరికి పోతూ ఆమె వదిలేసిన దాన్ని ఉతికి అలమారలో పెట్టింది నేనే, తాళంచెవి నా నడుముకే ఉంది. రెండూ తడిసి, కూర్చుని లేచినట్టు నలిగి ఉన్నాయి.

నా కేకకు మామా పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు పెట్టావా?"

"లేదు మామా, నా బిడ్డ మీద ఒట్టు."

అలమార తీసి చూశాం. గుడ్డ ఉన్నచోటు ఖాళీ. అంతలో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి సార్. అమ్మ మాట్లాడతానంటోందని ఆమెకిచ్చాడు.

"ఈసారి పైన కూర్చో, నా పక్కన" అందట ముసలామె. అంతే. అప్పటికి మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆపరేషన్ గట్టెక్కి ఆమె ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. చచ్చిపోయిన మనిషైతే దయ్యమనో ఆత్మనో ఏదో ఒక పేరు పెట్టుకునేదాన్ని. బతికున్న మనిషి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. తడి గుడ్డ పట్టుకుంటే ఇంకా చెయ్యి ఆగుతుంది.

విన్న మీ ఇంట అలక ముదరకుండా, ప్రతి ఒక్కరికీ మరొకరి పక్కన చోటు దొరుకుతూ ఉండాలి. చల్లగా ఉండండి.