ఇంజన్లో శనగల చప్పుడు

మా ఆయన నల్ల సెడాన్‌ను ఇంటికి తెచ్చిన రోజు నేను హారతి ఇవ్వలేదని ఇప్పటికీ దెప్పుతాడు. ఇచ్చేదాన్నే. కానీ గేటు ముందు బండి ఆగగానే దిగి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, దారిలో అద్దాలకు పట్టిన దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. పళ్ళెం పట్టుకుని ఎంతసేపు నిలబడాలి? కర్పూరం కాలి ఆరిపోయింది. "నీ తుడుసుడు అయినంక పిలువు, పొయ్యి మీద కూర మాడుతున్నది" అని లోపలికి వచ్చేశాను. మా బిడ్డ డిగ్రీ చదువుతోంది, దానికి నోరెక్కువ. "అమ్మా, నీకు సవతి అచ్చింది" అని పగలబడి నవ్వింది.

ఆయన్ను అనడానికి లేదు. పద్నాలుగేళ్ళు షార్జాలో ఒక కార్ల షెడ్డులో పనిచేశాడు. డబ్బున్నవాళ్ళు వేగం కోసం ఇంజన్లను మార్పించుకునే షెడ్డు అది. ఈయన పని కడగడం, పాలిష్ పెట్టడం. ఒక్కో బండి స్టార్టయితే కాళ్ళ కింద నేల వణికేదట. ఈయన మాత్రం దాన్ని కడిగే చోటు నుంచి నీడ దాకా నడిపి, తాళంచెవి అప్పగించేయాలి. "రెండో గేరు పడకముందే బ్రేకు కొట్టుడే నా బతుకు" అని ఫోనులో నవ్వుతూ చెప్పేవాడు. తిరిగి వచ్చేశాక కోరుట్లలో వాటర్ వాష్ పెట్టుకున్నాడు. అది నిలదొక్కుకున్నాక, హైదరాబాద్‌లో ఎవరో వాడిన టర్బో సెడాన్ కొన్నాడు. ఆయనకున్నది ఒకటే కోరిక. తన బండిని తన కాలితో చివరికంటా తొక్కాలి. దీని ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ వేయించే స్తోమతు లేదు, మళ్ళీ ఆ ఎండల్లోకి పోయే ఓపిక అసలే లేదు. ఆ సంగతీ ఆయనే చెప్పాడు.

నిజం చెప్పేస్తున్నాను, నాకూ వేగం ఇష్టమే. రాయికల్ రోడ్డు మీద ఖాళీ చూసి ఆయన తొక్కితే వీపు వెళ్ళి సీటుకు అతుక్కునేది. పైకి మాత్రం "మెల్లగ పో, బుద్ధున్నదా నీకు" అని తిట్టేదాన్ని. కడుపులో ఉయ్యాల ఊగినట్టు ఉండేది. టర్బో అంటే ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. బయటికి పోయే పొగ ఊపుకు ఒక చిన్న ఫ్యాను గిర్రున తిరిగి, ఇంజన్లోకి గాలిని కుక్కుతుందట. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి ఎక్కువ లాగుతుంది. ఎంత గాలి కుక్కాలో, ఏ క్షణాన నిప్పు అంటించాలో బండిలోని కంప్యూటరు చూసుకుంటుంది. ఆ లెక్కలు మారిస్తే అదే ఇంజన్ ఇంకా బలంగా లాగుతుంది. ట్యూనింగ్ అంటే అదే.

ఆ పని చేసే మనిషి జగిత్యాలలో ఉన్నాడు. షార్జాలో ఇద్దరిదీ ఒకే గది, నాకు వరసకు మరిది. మా ఆయనలాగే నీళ్ళ పైపు పట్టుకోవడానికి వెళ్ళినవాడు, లాప్‌టాప్ పట్టుకుని తిరిగి వచ్చాడు. ఊరి బయట రేకుల షెడ్డు వేసుకుని కార్లు ట్యూనింగ్ చేస్తున్నాడు. మేం వెళ్ళిన రోజు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, టీ తెప్పించి, స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక్క నట్టు సుత ఇప్ప, వదినె. పానా పట్టుకునేది లేదు. అంత దీంట్లనే" అన్నాడు. కాసేపటికి వైరు పీకి, "ఇగ తొక్కు అన్నా, గుండె చేతుల పట్టుకో" అన్నాడు.

ఆ రోజు కోరుట్ల వచ్చే దారిలో మా ఆయన మొహం చూడాల్సింది. పెళ్ళినాడు కూడా అంత వెలిగిపోలేదు. బండి గుంజుతుంటే చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు, నేనూ పెట్టాను. ఒక ట్రాక్టరు వెనక నెమ్మదిగా పోయి, దారి దొరకగానే మూడో గేరులోనే గట్టిగా తొక్కాడు. అప్పుడు వినబడింది నాకు. డబ్బాలో నాలుగు శనగలు వేసి ఆడించినట్టు. ఒక్క క్షణమే. బండి వేగం అందుకోగానే పోయింది.

"ఏదో చప్పుడైంది" అన్నాను.

"ఎగ్జాస్టుది. గట్లనే ఉండాలె."

"అది గాదు. దాని కింద ఇంకోటున్నది. టిక టిక అని."

ఆయన పాట తగ్గించి మళ్ళీ తొక్కాడు. "ఏం లేదు."

"ఉన్నది."

"లేదే!"

వారం రోజులు ఇదే గొడవ. బండెక్కిన ప్రతిసారీ నాకు వినబడేది, ప్రతిసారీ చెప్పేదాన్ని. చివరికి ఒకరోజు ఇంటి ముందు బండి ఆపి స్టీరింగ్ మీద చేత్తో కొట్టాడు. "నీకు ఇనబడుడు గాదు. నేను జర సంబురపడ్తె నీకు సయిస్తలేదు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. బండి తలుపు ధడాలున వేశాను, కావాలనే వేశాను. ఆ పూట ఆయనకు ఇష్టమని పచ్చిపులుసు చేద్దామనుకున్నదాన్ని, చెయ్యలేదు. ఉత్త పప్పు పెట్టాను.

నా పోరు పడలేక మళ్ళీ జగిత్యాల తీసుకెళ్ళాడు. మరిది లాప్‌టాప్ పెట్టి, బండి రాసిపెట్టుకున్న లెక్కలన్నీ చూశాడు. పెట్రోలు అంటుకోకూడని చోట, అంటుకోకూడని క్షణంలో అంటుకుంటే పిస్టన్ మీద దెబ్బ పడుతుందట. దాన్ని నాకింగ్ అంటారు. ఆ దెబ్బలు పడుతూ పోతే ఇంజన్ ఒకనాటికి పగిలిపోతుంది. దాన్ని వినడానికే ఇంజన్‌కు చెవిలాంటి సెన్సర్ ఒకటి ఉంటుంది.

"నాకింగ్ అసలే లేదు వదినె. మిషన్ అబద్ధమాడది" అన్నాడు.

"అంటే నేనాడుతున్ననా?"

"అయ్యో, గట్ల గాదు. కొత్త చప్పుడు గద, అలవాటయితది."

మా ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. "నా పెండ్లాం ఊరికెనే అనది" అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? మరిది మాటకు నాకు కోపం వచ్చింది, ఆయన ఊరుకున్నందుకు మాత్రం ఏడుపొచ్చింది. ఇక ఆ బండి గురించి నోరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బండి పాడవుతుందనే భయం కంటే, ఈ మనిషి నా మాట ఎప్పటికీ నమ్మడేమోననే దిగులే ఎక్కువ పట్టుకుంది.

ఆ ఆదివారం సిరిసిల్ల నుంచి మా అన్న భోజనానికి పిలిచాడు. దారి పొడుగునా కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. శనగలు గలగలమంటూనే ఉన్నాయి. పళ్ళు బిగబట్టుకున్నాను కానీ ఒక్క మాట అనలేదు.

మాది సాంచెల కుటుంబం. మరమగ్గాలను మావైపు సాంచెలనే అంటారు. బాపు నడిపేవాడు, ఇప్పుడు అన్న నడుపుతున్నాడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా మా ఆయన ఏనాడూ ఆ షెడ్డు గడప తొక్కలేదు. అల్లుడు కదా, ముందు గదిలో కూర్చోబెట్టి మటన్ పెట్టి పంపేవాళ్ళు. ఆ రోజు పనివాడు ఒకడు రాలేదని అన్న తింటూనే లేచి షెడ్డులోకి పోయాడు. ఒక్కడే కూర్చుని ఏం చేస్తాడు, మా ఆయనా వెనకాలే వచ్చాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని వెళ్ళాను.

లోపల ఎనిమిది సాంచెలు ఒకేసారి ఆడుతున్నాయి. ఆ మోతకు మా ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. అక్కడ మాట పనికిరాదు, అంతా చేతి సైగలే. నేను సాంచెలకు వీపు పెట్టి, గుమ్మంలో నిలబడి గాలి పీల్చుకుంటున్నాను. ఇంతలో వెనక ఒకదాని దెబ్బ తాళం తప్పినట్టు వినబడింది. వెనుదిరిగి అన్న భుజం తట్టి, ఎడమ వరసలో మూడోది చూడమని చెయ్యి చూపించాను. అన్న అడగనైనా అడగకుండా వెళ్ళి దాన్ని ఆపాడు. దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను కొట్టే తోలుపట్టీ సగం తెగి వేలాడుతోంది. ఇంకాసేపు ఆడితే నాడె ఎగిరి ఎవరికో తగిలేది.

బయటికి వచ్చాక మా ఆయన అడిగాడు, "గంత మోతల అదెట్ల దొరికింది?"

"దీనికి చిన్నప్పటి సంది గంతే బావా" అన్నాడు అన్న. "మూలకు కూసోని దారం కండెలు చుట్టుకుంటనే, అగో బాపూ, దాని సప్పుడు మారింది అంటుండె. బాపు మెకానిక్‌ను పిలువకముందు దీన్నే పిలుస్తుండె."

"గీ ముచ్చట నాకెన్నడు చెప్పకపోతివి?" అని నా వైపు తిరిగాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాను. ఒట్టు పెట్టుకున్నది బండి గురించే కానీ, ఇలాంటి వాటి గురించి కాదు కదా.

తిరుగు ప్రయాణంలో గుట్టల పక్కన రోడ్డు ఎత్తెక్కే చోట ఉన్నట్టుండి పాట ఆపేశాడు. ఏసీ ఆపి అద్దాలు దించాడు. "ఇనబడంగనే చెప్పు" అన్నాడు. మూడో గేరులో నెమ్మదిగా పోనిచ్చి, తొక్కాడు.

"ఇగో" అన్నాను. కాలు తీసేశాడు.

మళ్ళీ తొక్కాడు. "ఇగో." మళ్ళీ తీసేశాడు. తల కిటికీలోంచి బయట పెట్టి, కళ్ళు చిన్నవి చేసి, ఊపిరి బిగబట్టి విన్నాడు. "ఇగో, ఇగో!" అని నేను అరిచినప్పుడు కూడా ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అద్దాలు ఎక్కించేశాడు. మళ్ళీ పాట పెట్టాడు. నమ్మాడో, నా పిచ్చి వదిలించడానికి ఇదంతా చేశాడో తెలియలేదు.

తెల్లారి వాటర్ వాష్ తెరవలేదు. నన్ను ఎక్కమన్నాడు. నేరుగా జగిత్యాల షెడ్డు ముందు ఆపాడు. మరిది మళ్ళీ లాప్‌టాప్ పెట్టి చూశాడు. మళ్ళీ అదే మాట, ఏం లేదు.

"సరే అన్నా, వదినె ముచ్చట పక్కకు వెట్టు. నీకు ఇనబడ్డదా?" అని అడిగాడు.

మా ఆయన బానెట్ వైపు చూశాడు.

"నాకేం ఇనబడలే" అన్నాడు.

అయిపోయింది, అనుకున్నాను. పర్సు తీసుకుని కుర్చీలోంచి లేవబోయాను.

"నాకు ఇనబడలే. ఆమెకు ఇనబడ్డది" అన్నాడు మా ఆయన. "నువ్వు జేసింది తీసెయ్. కొన్ననాడు ఎట్లుండెనో గట్ల చెయ్."

"అన్నా, గా పికప్ అంత పోతది మరి! గిన్నేండ్లు దాని కోసమేనాయె నువ్వు..."

"పోతె పోనీ. తీసెయ్ అన్న గద!"

నేను మళ్ళీ కూర్చుండిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొంగుతో తుడుచుకుని దుమ్ము పడిందన్నాను. గల్ఫు నుంచి బంగారం తెచ్చినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మరిది మొహం మాడ్చుకుని, పాత లెక్కలు తిరిగి ఎక్కించడానికి రెండు ఫైళ్ళనూ పక్కపక్కన తెరిచాడు. కిందికి దించుతూ దించుతూ ఒకచోట ఆగిపోయాడు. చాలాసేపు తల గోక్కున్నాడు. షార్జాలో ఉన్నప్పుడు ఇదే రకం బండికి తను చేసిన ఫైలునే తెచ్చి మా బండికి ఎక్కించాడు. అది అక్కడి పెట్రోలుకు కట్టిన లెక్క. ఎక్కువ ఒత్తిడికి ఓర్చుకునే పెట్రోలు అది. మేం పోయించేది కోరుట్ల బంకులో అందరూ పోయించుకునేదే. పైగా ఆ షార్జా బండికి పిస్టన్లు మార్చారట, అవి ఎప్పుడూ గోల చేసేవట. అందుకని దానికి సెన్సర్ వినికిడి తగ్గించి పెట్టాడు. ఆ సంగతి మరిచిపోయి మాకూ అలాగే ఎక్కించాడు.

"మిషన్ అబద్ధమాడలే వదినె. నేనే దాని చెవులు మూసిన" అన్నాడు, తల దించుకుని. "మాఫ్ చెయ్యి. ఇంకొన్ని దినాలు గిట్లనే నడిపితె ఇంజన్ పలుగుతుండె."

"మాఫీ గీఫీ తర్వాత, ముందుగాల టీ చెప్పు" అన్నాను. ఆ రోజు మాత్రం రెండు గ్లాసులు తాగాను.

మరిది రెండు రోజులు కూర్చుని, ఇక్కడి పెట్రోలుకు, ఇక్కడి ఎండకు సరిపడేలా కొత్త లెక్క కట్టాడు. ముందున్నంత లాగుడు లేదు, కానీ కొన్ననాటి కంటే బాగానే లాగుతుంది. సెన్సర్ వినికిడిని తిరిగి మామూలుగా పెట్టాడు. బండి తీసుకుని వస్తుంటే మా ఆయన ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నడిపాడు. భయపడుతున్నాడని అర్థమైంది. ఖాళీ రోడ్డు వచ్చినా కాలు కదపడం లేదు.

"ఏంది, ఎడ్లబండి తోలినట్టు తోలుతున్నవ్?" అన్నాను.

"మల్ల అయితదేమోనే. నాకైతె ఇనబడది గద."

"నువ్వు తొక్కు" అన్నాను. "నేనింటుంట."

ఒకసారి నా వైపు చూసి, నవ్వి, కాలు చివరికంటా తొక్కాడు.