పరీక్షలు అయ్యేదాకా

మధులిక ఇంగ్లండులో, రీడింగ్ అనే ఊళ్లో, మా ఇంట్లో బాక్స్ రూమ్ అనే చిన్న గది అద్దెకు తీసుకుని ఎమ్మెస్సీ చదివేది. కోరుట్ల పిల్ల. వాళ్ల నాన్న తిరుపతయ్య ఆర్టీసీ కండక్టరు. డిగ్రీ మార్కులు చూసి యూనివర్సిటీ ఆమెకు స్కాలర్‌షిప్ కింద సగం ఫీజు మాఫీ చేసింది. అయితే మొదటి సెమిస్టరులో డెబ్బై శాతం తెచ్చుకుంటేనే అది నిలుస్తుంది. డెబ్బై ఆ పిల్లకు ఒక లెక్క కాదు. అన్నం తింటూ కూడా పుస్తకం వదిలేది కాదు. నేను కోప్పడితే, "నోరు తింటది, కండ్లు చదువుతయి ఆంటీ, ఏమైతది?" అనేది.

అలాంటి పిల్లకు 2017 జనవరి పరీక్షల్లో అరవై ఆరు వచ్చింది. మాఫీ రద్దయింది. మిగతా ఫీజు కట్టే దారి లేదు, కట్టకపోతే చదువూ ఉండదు, వీసా కూడా ఉండదు.

సరిగ్గా ఆ పరీక్షలప్పుడే తిరుపతయ్య డిపోలో గుండెపోటుతో పోయారు. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, పరీక్షలు రాసే పిల్లకు చావు కబురు చెప్పరు. తల్లి యాదమ్మ చివరి పేపరు అయిన రోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. మధులిక పెద్దగా ఏడవలేదు. దెబ్బకు మొద్దుబారిపోయిందనుకున్నాను.

మార్కులు చూశాక, అప్పీలు ఎందుకు చేయవని పోరుపెడితే అసలు మాట బయటపెట్టింది.

"నాకు మొదటి పేపరైనంకనే తెల్సు ఆంటీ. మా ఊరి పిల్ల ఫేస్‌బుక్‌ల బాపు ఫొటోకు దండేసి పెట్టింది."

"మరి అమ్మనెందుకు అడగలే?"

"రోజూ వీడియో కాల్ చేస్తుండె. పదోదినం అయినంక గూడ నాకోసం బొట్టు పెట్టుకొని కూసుంటుండె. బాపేడి అంటే డ్యూటీకి పోయిండు అంటుండె. అంత కష్టపడి దాస్తుంటే, నాకు తెల్సని ఎట్ల చెప్పాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. నేను గోడకివతల సీరియల్ చూస్తుంటే, ఈ పిల్ల అవతల తల్లితో నవ్వుతూ మాట్లాడి, ఫోన్ పెట్టేసి, మర్నాటి పరీక్షకు చదువుకుంది.

అప్పీలు పెట్టించాను. డెత్ సర్టిఫికెట్ కావాలని యాదమ్మను అడిగాం. ఆమె అంతటితో ఊరుకోలేదు. ఊళ్లో హెడ్మాస్టరు చేత ఇంగ్లిషులో ఉత్తరం కూడా రాయించి, సంతకం చేసి, నేరుగా యూనివర్సిటీకి మెయిల్ చేయించింది. పరీక్షలు అయ్యేదాకా తండ్రి పోయిన సంగతి మా బిడ్డకు తెలియనివ్వలేదు, ఇంత కష్టపడి చదివించుకుంటున్నాం, దయ చూపించండి అని.

అప్పీలు విచారించే కమిటీ ముందుకు తోడుగా నేనూ వెళ్లాను. కమిటీకి పెద్దగా ఉన్నావిడ ఆ ఉత్తరం ముందు పెట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మర్యాదే నాకు గిట్టదు.

"మీకు జరిగింది చాలా బాధాకరం. కానీ పరీక్షలప్పుడు మీకు తెలియనే తెలియదని మీ అమ్మగారే అంటున్నారు. తెలియని విషయం వల్ల మార్కులెలా తగ్గాయి?"

మధులిక జరిగినదంతా చెప్పింది.

"అప్పుడు ఎవరికైనా చెప్పారా?"

నాకు చెప్పిందని అబద్ధమాడదామని నోరు తెరిచాను. మధులిక టేబుల్ కింద నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఎవరికీ చెప్పలేదు" అంది.

"అయితే మీకు అప్పుడే తెలుసని మీ అమ్మగారితో ఉత్తరం సరిచేయించి పంపండి. వారం గడువిస్తాం."

బస్సులో ఇంటికొస్తూ, "అమ్మకు నేను చెప్ప ఆంటీ" అంది మధులిక. నువ్వు చెప్పకపోతే నేను చెబుతానని ఇంటికి రాగానే యాదమ్మకు ఫోన్ కలిపాను. ఆ పిల్ల నన్ను ఆపలేదు.

"అక్కా, మీరు పంపిన ఉత్తరం..." అన్నానో లేదో ఆమె అందుకుంది.

"నేనే చెప్పి రాయించిన చెల్లే. ఆయనను ఎట్లనూ కాపాడుకోలేకపోతి. బిడ్డ పరీక్షలన్న కాపాడుకున్న. గదొక్కటి తల్సుకుంటెనే ఇంత నిద్ర పడుతది."

నా నోటికి ఎదురు లేదని మావారు అందరి ముందూ అంటుంటారు. ఆ రోజు ఆ నోటితోనే, ఉత్తరం బాగుందక్కా అని ఫోన్ పెట్టేశాను.

గడువు దాటింది. అప్పీలు కొట్టేశారు. టికెట్ కొనుక్కున్నాక మధులిక తల్లికి వీడియో కాల్ చేసి, చదువు ఆగిపోయిందనీ ఇంటికొస్తున్నాననీ చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను.

"నా కాయితంల ఏమన్న తప్పు పోయిందా బిడ్డా?"

"లేదమ్మా. మంచిగ రాసిన్రన్నరు. నా మార్కులే తక్కువైనయి."

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోనీ తియ్యి. అప్పుడే బాపు సంగతి చెప్తే గా మార్కులు గూడ రాకపోతుండె."

"అవునమ్మా," అంది మధులిక. "చెప్పకపోవుడే మంచిదైంది."